స్లీపర్ బోగీలో భోజనం, తీపి: హైదరాబాద్‌లో ఎక్కి ఢిల్లీలో దిగేదాకా ఏం తినాలి, ఎప్పుడు తినాలి

మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్లలో అమ్మే 80 రూపాయల శాకాహార భోజనంలో ఏమేం ఉండాలో రైల్వే లెక్క రాసి పెట్టింది: అన్నం 150 గ్రాములు, పప్పు లేదా సాంబారు 150 గ్రాములు, కూర 100 గ్రాములు, రెండు పరాఠాలు లేదా నాలుగు చపాతీలు, పెరుగు 80 గ్రాములు, పచ్చడి 12 గ్రాములు. తీపి లేదు. అంటే స్లీపర్‌లో వెళ్లేవాళ్లకు ఆకలి తీరే ఏర్పాటు ఏదో ఒకటి రైల్లోనే దొరుకుతుంది గానీ, తీపి సంగతి మాత్రం మనమే చూసుకోవాలి. చాలామంది ఈ తీపి విషయం చివరి నిమిషంలో ఆలోచిస్తారు, స్టేషన్‌కు వెళ్లే దారిలో ఏదో స్వీటు షాపు దగ్గర ఆటో ఆపి కలాకండో రసమలాయో అరకిలో కట్టించుకుంటారు, అది సాయంత్రానికి పులిసిపోతుంది. అందుకే ఇది రాస్తున్నాను. భోజనం, తీపి రెండూ కలిపి, రైలు టైమ్ టేబుల్ ముందు పెట్టుకుని ఎంచుకోవాలి. ఏది ఎంత రుచి అన్నది తర్వాత, ఏది ఎన్ని గంటలు నిలుస్తుంది అన్నది ముందు.

ఉదాహరణకు తెలంగాణ ఎక్స్‌ప్రెస్ తీసుకుందాం. హైదరాబాద్‌లో తెల్లవారి బయల్దేరి మర్నాడు ఉదయానికి ఢిల్లీ చేరుతుంది, పాతిక గంటల పైచిలుకు. ఒక టిఫిన్, ఒక మధ్యాహ్న భోజనం, ఒక సాయంత్రం చిరుతిండి, ఒక రాత్రి భోజనం, మర్నాడు పొద్దున ఏదో కాస్త. విశాఖ నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లేవాళ్లు వాళ్ల రైలు వేళలు చూసి పూటలు లెక్కవేసుకోండి. వేరే దారి అయినా పద్ధతి ఇదే, ఊళ్ల పేర్లు మారతాయి అంతే.

మొదటి పని: కాగితం మీద పూటలు రాసుకోండి

టికెట్ బుక్ అయిన రోజే ఇది చేసేయొచ్చు. మీ రైలు ఏ స్టేషన్‌కు ఎన్నింటికి వస్తుంది, ఎంతసేపు ఆగుతుంది అన్నది చూసి, పక్కన మీరు ఇంట్లో మామూలుగా తినే వేళలు రాయండి. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌కైతే కాజీపేట పొద్దున టిఫిన్ వేళకు, బల్హార్షా మధ్యాహ్నం వేళకు, నాగ్‌పూర్ మూడింటి ప్రాంతంలో, భోపాల్ రాత్రి తొమ్మిది దాటాక, ఆగ్రా తెల్లవారుజామున వస్తాయి (టైమింగ్స్ మారుతుంటాయి, మీ తేదీకి మళ్లీ చూసుకోండి). ఇది రాసుకోగానే ఒక విషయం కళ్లకు కడుతుంది. నాగ్‌పూర్ పెద్ద స్టేషన్, అక్కడ మంచి భోజనం ఆర్డర్ పెట్టుకోవచ్చు, కానీ మూడింటిదాకా పిల్లలు, పెద్దవాళ్లు ఆగలేరు. భోపాల్‌లో రాత్రి భోజనం తెప్పించుకుంటే తొమ్మిదిన్నరకు తినడం మొదలుపెట్టాలి, పదింటికి మిడిల్ బెర్త్ వేయాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మిడిల్ బెర్త్ వాళ్లకు పడుకునే హక్కు ఉంది, వాళ్లను ఆపి మనం తింటూ కూర్చోవడం బాగుండదు. కాబట్టి ఈ రైల్లో మధ్యాహ్నం ఇంటి భోజనమే, రాత్రికి పాంట్రీ (రైల్లోని వంటశాల) భోజనమో ఇంటి చపాతీలో, నాగ్‌పూర్‌లో సాయంత్రానికి పనికొచ్చేది ఏదైనా. ఇలా రైలే మనకు మెనూ చెబుతుంది.

రైలు ఆలస్యమైతే? అవుతుంది, అనుకునే బయల్దేరండి. ఏ పూటా పూర్తిగా బయటి తిండి మీద వదిలేయకండి, సంచిలో ఒక పూటకు సరిపడా ఎండు తిండి అదనంగా ఉంటే టెన్షన్ ఉండదు.

రెండో పని: ఇంటి భోజనం, ఏ పూటకు ఏది

ముందు ఒక్క సూత్రం. వండిన అన్నం, పప్పు, పాలు, గుడ్లు, మాంసం మామూలు వేడిలో రెండు గంటలు దాటి ఉంచకూడదని, 32 డిగ్రీలు దాటే చోట గంట కూడా ఎక్కువేనని ఆహార భద్రత చూసేవాళ్లు చెబుతారు. అన్నం సంగతి చాలామందికి తెలియదు: బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా విత్తనాల్లాంటి రూపంలో ఉండి ఉడికించినా చావదు, గోరువెచ్చగా మూతపెట్టి ఉంచిన అన్నంలో మళ్లీ పెరిగి వాంతులు, విరేచనాలు తెస్తుంది. రైల్లో విరేచనాలు పట్టుకుంటే ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. మరి మన పెద్దవాళ్లు రోజంతా పులిహోర తినేవాళ్లు కదా అంటే, పులిహోరలో చింతపండు పులుపు ఉంది, ఉప్పు ఉంది, నూనె ఉంది. పులుపున్న చోట ఆ క్రిములు అంత తేలిగ్గా పెరగలేవు. ప్రయాణానికి పులిహోర అన్నది ఊరికే వచ్చిన అలవాటు కాదు.

పులిహోర ప్రయాణానికి చేసేటప్పుడు మామూలుకన్నా కొంచెం జాగ్రత్త కావాలి. అన్నం పలుకుగా వండి, వెడల్పు పళ్లెంలో పరిచి, పసుపు, నువ్వుల నూనె వేసి పూర్తిగా ఆరనివ్వాలి. చింతపండు గుజ్జును నీళ్ల శాతం పోయి నూనె పైకి తేలేదాకా ఉడికించాలి, పచ్చి పులుసు కలిపితే నిలవదు. నిమ్మకాయ పులిహోర పొద్దున టిఫిన్‌కు బాగుంటుంది గానీ మధ్యాహ్నానికి చేదెక్కుతుంది. పల్లీలు మెత్తబడటం ఇష్టం లేకపోతే వేయించి విడిగా చిన్న కవర్లో పెట్టి తినేముందు కలుపుకోండి. ఇలా చేసినది మధ్యాహ్నం ధైర్యంగా తినొచ్చు, చలికాలమైతే రాత్రికి కూడా బాగానే ఉంటుంది, మే నెలలో మాత్రం రాత్రికి ఉంచొద్దనే అంటాను. పులుపు ఉందన్న ధైర్యంతో మర్నాటిదాకా లాగడం వద్దు.

ఇక పెరుగన్నం. తయారైన పెరుగు కలిపి తీసుకెళ్తే పొద్దున పదకొండింటికే పుల్లగా అయిపోతుంది. మా ఇళ్లలో చేసే పద్ధతి వేరు. ఒక గ్లాసు బియ్యం మెత్తగా వండి, మెదిపి, కాచి గోరువెచ్చగా చల్లార్చిన పాలు రెండు గ్లాసులు పోసి, ఒక చెంచా పెరుగు తోడు వేసి, ఉప్పు కలిపి డబ్బాలో పెట్టేయాలి. అది రైల్లోనే తోడుకుంటుంది. తెల్లవారుజామున అయిదింటికి కలిపితే వేసవిలో మధ్యాహ్నానికి కమ్మటి పెరుగన్నం తయారు. తోడుకునేటప్పుడు కాస్త గట్టిపడుతుంది కాబట్టి మొదట్లో పలచగా అనిపించినా కంగారుపడొద్దు. అల్లం, కరివేపాకు పోపు పెట్టుకోండి, పచ్చి ఉల్లిపాయ, కీరా, దానిమ్మ గింజలు మాత్రం ముందే కలపకండి, నీళ్లు వదిలి పాడుచేస్తాయి. దీన్ని మధ్యాహ్నమే తినేయాలి.

పొద్దున టిఫిన్‌కు ఇడ్లీని మించింది లేదు. కొబ్బరి చట్నీ వద్దు, పచ్చికొబ్బరి చాలా త్వరగా పాడవుతుంది. ఇడ్లీలకు రెండు వైపులా నువ్వుల నూనె కలిపిన కారప్పొడి రాసి, అరిటాకు ముక్కలో చుట్టి పెడితే చేతికి కూడా అంటకుండా తినొచ్చు. కాజీపేట దాటేలోపు ఈ డబ్బా ఖాళీ అయిపోవాలి.

రాత్రికి చపాతీలు అనుకుంటే పిండిని నీళ్లకు బదులు పాలతో, ఒక చెంచా నూనెతో కలిపితే మెత్తగా ఉంటాయి. కాల్చినవి పూర్తిగా ఆరాక పలుచటి గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టాలి, వేడిమీద మూతపెడితే ఆవిరి నీరై కింది చపాతీలు ముద్దవుతాయి. వాటిలోకి బంగాళదుంప కుర్మా, ఉల్లిపాయ కూర లాంటివి వద్దు. దొండకాయ వేపుడు, కాకరకాయ కారం, పల్లీల పొడి, మాగాయ, గోంగూర పచ్చడి ఇవి పనికొస్తాయి. ఆవకాయ సీసా మూత కింద చిన్న ప్లాస్టిక్ కాగితం ముక్క పెట్టి బిగించండి, ఎర్ర నూనె బట్టల సంచిలోకి దిగితే ఆ మరక పోదు.

మాంసాహారం ఇంటి నుంచి తీసుకెళ్లాలనుకుంటే నా అభిప్రాయం సూటిగా చెబుతాను: రైలెక్కిన గంటలో తినేసేటట్టయితే తప్ప వద్దు. కావాలంటే దారిలో వేడిగా తెప్పించుకోండి.

డబ్బాల గురించి రెండు మాటలు. పూటకో డబ్బా. రాత్రి డబ్బా మధ్యాహ్నం తెరవకూడదు, ఎంగిలి చెంచా, తడి చెంచా ముట్టుకోకూడదు. సంచి అప్పర్ బెర్త్ మీద పెట్టకండి, స్లీపర్‌లో పైకప్పు కాలిపోతుంటుంది, లోయర్ బెర్త్ కింద ఎండ పడని వైపు పెట్టండి. మూతలు గట్టివి ఉండాలి, రాత్రిపూట బొద్దింకలు, ఎలుకలు సంచుల్లోకి వస్తాయి.

మూడో పని: తీపి ఎంచుకోవడం

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అందరూ తప్పుగా ఎంచుకునేది దీన్నే. మిఠాయి నిలవ ఉండటం దేని మీద ఆధారపడుతుందంటే అందులో ఉన్న తేమ మీద. చక్కెర, బెల్లం ముదురు పాకంలో ఉన్నప్పుడు తేమను పట్టేసుకుంటాయి, క్రిములకు నీళ్లు అందవు. పాలు, ఖోవా, పనీర్ ఉన్నవాటిలో తేమ ఎక్కువ, అవి పాల సరుకుగానే పాడవుతాయి, ఎంత చక్కెర వేసినా సరే.

అందుకని సున్నుండలు, నువ్వుండలు, పల్లీ పట్టి, బెల్లం గవ్వలు, అరిసెలు, ఎండుకొబ్బరి పెట్టిన కజ్జికాయలు, మైసూర్ పాక్, ఇవి ప్రయాణం మొత్తానికీ, దిగాక చుట్టాలింట్లో ఇవ్వడానికి కూడా పనికొస్తాయి. బొబ్బట్లు, పూర్ణం బూరెలు, పాలు చల్లి కట్టిన రవ్వ లడ్డూలు, పచ్చికొబ్బరి లౌజు ఇవన్నీ ఎక్కిన రోజు మధ్యాహ్నందాకానే, ఇంకా చెప్పాలంటే మధ్యాహ్నం భోజనంతోనే. పరమాన్నం, డబుల్ కా మీఠా, రసమలాయ్, బాసుంది, కలాకండ్, క్రీమ్ కేకు స్లీపర్ ప్రయాణానికి పనికిరావు. పుట్టినరోజు రైల్లో వచ్చింది, పిల్లవాడికి కేకు కోయాలి అంటే క్రీమ్ లేని మామూలు ప్లమ్ కేకో, టీ కేకో తీసుకోండి.

ఇది మొదటి వడపోత. రెండోది వాతావరణం. ఢిల్లీ దారిలో వేసవిలో చంద్రపూర్, నాగ్‌పూర్ ప్రాంతంలో 45 డిగ్రీల ఎండ ఉంటుంది. ఆ వేడిలో నెయ్యి కరుగుతుంది, సున్నుండలు డబ్బా అడుగున చదునుగా కూర్చుని ముద్దైపోతాయి, మైసూర్ పాక్ కూడా అంతే. పాడవ్వవు కానీ తినడానికి, పంచడానికి వీలుండదు. మే నెలలో ఈ దారిలో సున్నుండలు కట్టడానికి నెయ్యి తగ్గించండి, లేదంటే బెల్లం కలిపిన సున్నుండల పిండి విడిగా, నెయ్యి చిన్న సీసాలో విడిగా తీసుకెళ్లి అప్పటికప్పుడు కలిపి చెంచాతో పిల్లలకు పెట్టండి. నువ్వుండలకు, పల్లీ పట్టికి ఈ బాధ లేదు. అదే హౌరా వైపు కోరమండల్‌లోనో ఫలక్‌నుమాలోనో వెళ్తే సముద్రతీరం గాలి తేమగా ఉంటుంది, అక్కడ సున్నుండలు బాగుంటాయి, పల్లీ పట్టి, గవ్వలు మాత్రం తేమ పీల్చుకుని జిగురెక్కుతాయి. మధ్యలో బటర్ పేపర్ వేసి గాలి చొరని డబ్బాలో పెట్టాలి.

మూడోది బెర్త్ మీద కూర్చుని తినడానికి వీలుగా ఉందా లేదా. పూతరేకులు ఆత్రేయపురం నుంచి తెచ్చుకున్నా, షాపులో కొన్నా, ఒక్కొక్కటి కాగితంలో చుట్టి ఉంటాయి కాబట్టి పంచడానికి చాలా అనువు, కడుపుకు తేలిక, నోట్లో కరిగిపోతాయి. కానీ సామాను కింద పడితే పొడే మిగులుతుంది, గట్టి డబ్బాలో పెట్టి సంచిలో అన్నిటికన్నా పైన ఉంచండి, తినేటప్పుడు ఒళ్లో కాగితం పరుచుకోండి, లేదంటే ఆ పొడికి రాత్రి చీమలు వస్తాయి. తాపేశ్వరం మడత కాజా పొరల్లో పాకం పట్టి ఉంటుంది, చేతులు అంటుకుంటాయి గానీ కింద కారదు. కాకినాడ గొట్టం కాజా అలా కాదు, కొరికితే లోపలి పాకం బయటికి వస్తుంది, కుదుపుల్లో కొరికితే చొక్కా మీదే. అది ఇంటి దగ్గర తినాల్సిన మిఠాయి. మాడుగుల హల్వా గోధుమపాలు, నెయ్యి, చక్కెర, జీడిపప్పుతో గట్టిగా చేస్తారు కాబట్టి చాలా రోజులు నిలుస్తుంది, అనకాపల్లి, విశాఖ వైపు నుంచి బయల్దేరేవాళ్లకు ఇంతకన్నా మంచి ఎంపిక నాకు కనపడదు, చిన్న ముక్క చాలు. గులాబ్ జామూన్ పాకంతో డబ్బాలో తీసుకెళ్లాలని సరదా పడితే పాకం వంపేసి ఉండలు మాత్రమే తీసుకెళ్లండి, అదీ మధ్యాహ్నానికే. రసగుల్లా టిన్ను సీలు తీయనంతవరకు ఎన్ని రోజులైనా ఉంటుంది, తీశాక నలుగురూ కలిసి అక్కడికక్కడ పూర్తి చేయాలి.

ఏ వేళకు ఏ తీపి అన్నది కూడా ఉంది. రైల్లో తీపికి సరైన వేళ సాయంత్రం నాలుగు నుంచి ఆరు. నిద్ర లేచి, చేయడానికి ఏమీ లేక, కిటికీలోంచి చూస్తూ కూర్చున్న సమయం అది, మనసు తీపి అడుగుతుంది, తిన్నది అరగడానికి పడుకునేదాకా నాలుగు గంటల టైమ్ ఉంటుంది. రైల్లో వచ్చే టీ అసలే పాకంలా ఉంటుంది, కాబట్టి టీతో జంతికలు, చేగోడీలు తినండి, తీపి టీ తర్వాత కాసేపటికి. సున్నుండలు, మైసూర్ పాక్ లాంటి నెయ్యి తీపి రాత్రి భోజనం తర్వాత తిని వెంటనే పడుకుంటే గుండెల్లో మంట వస్తుంది, అప్పర్ బెర్త్ నుంచి అర్ధరాత్రి దిగి నీళ్ల కోసం వెతుక్కోవాలి. రాత్రికి ఒక అరటిపండో, రెండు ఖర్జూరాలో, కాసిని సోంపు గింజలో సరిపోతాయి. మర్నాడు పొద్దున ఢిల్లీ దగ్గరపడేటప్పుడు ఏమీ తినాలనిపించదు, కానీ దిగి సామాను మోయాలి, అప్పుడు ఒక నువ్వుండ, ఒక అరటిపండు, నీళ్లు చాలు.

షుగర్ ఉన్నవాళ్ల గురించి. ప్రయాణంలో చక్కెర పెరగడం గురించే అందరూ భయపడతారు, తగ్గిపోవడం గురించి ఆలోచించరు. మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తాయి. వాళ్ల దగ్గర చేతికి అందేచోట గ్లూకోజ్ పొడి గానీ నాలుగు చక్కెర బిళ్లలు గానీ ఉండాలి, పెట్టె అడుగున కాదు. చిరుతిండిగా వేయించిన శనగలు, పల్లీలు, బాదం పెట్టుకోండి. మందు వేళ, భోజనం వేళ ప్రయాణంలో ఎలా మార్చుకోవాలో ముందే డాక్టర్ని అడగండి.

నాలుగో పని: రైల్లో కొనేది, రైలుకు తెప్పించుకునేది

మీ రైలుకు పాంట్రీ కారు ఉందో లేదో ముందే చూసుకోండి, చాలా రైళ్లకు ఉండదు. ఉంటే మధ్యాహ్నం భోజనానికి పొద్దున పది, పదకొండు మధ్యలో, రాత్రి భోజనానికి సాయంత్రం వచ్చి ఆర్డర్ రాసుకుంటారు. 2019 చివర్లో సవరించిన ధరల ప్రకారం రైల్లో శాకాహార టిఫిన్ 40, ఆమ్లెట్ టిఫిన్ 50, శాకాహార భోజనం 80, గుడ్డు కూర భోజనం 90, కోడికూర భోజనం 130, వెజ్ బిర్యానీ 80, ఎగ్ బిర్యానీ 90, చికెన్ బిర్యానీ 110 రూపాయలు. అదే శాకాహార భోజనం స్టేషన్‌లోని రైల్వే స్టాల్‌లో 70. రైల్ నీర్ లీటరు బాటిల్ 2025 సెప్టెంబర్ 22 నుంచి 14 రూపాయలు, అరలీటరు 9. ఎవరైనా 80 రూపాయల భోజనానికి 120 అడిగితే మర్యాదగా బిల్లు అడగండి. బిల్లు ఇవ్వకపోతే డబ్బు కట్టక్కర్లేదని రైల్వేనే ప్రకటించింది. అప్పటికీ తేలకపోతే 139కి ఫోన్ చేయండి లేదా రైల్ మదద్ యాప్‌లో టికెట్ మీది పీఎన్ఆర్ నంబరుతో ఫిర్యాదు పెట్టండి. గొడవ పడాల్సిన పని లేదు, ఫిర్యాదు నంబరు చూపిస్తే చాలాసార్లు అక్కడే సర్దుకుంటుంది.

పాంట్రీలో నేను ఎంచుకునే పద్ధతి ఇది: మధ్యాహ్నమైతే వెజ్ భోజనం, వేడిగా వచ్చిందా లేదా ముట్టుకుని చూసి, పెరుగు కప్పు మీద తేదీ చూసి తీసుకోవడం. ఆ పెరుగు కప్పే అక్కడ దొరికే తీపికి ఆధారం, ఇంటి నుంచి తెచ్చిన బెల్లం పొడి ఒక చెంచా కలిపితే మంచి మీఠా దహీ అవుతుంది, పిల్లలు లొట్టలేసుకుంటూ తింటారు. గుడ్డు కూర, కోడికూర రాత్రిపూట చివర్లో వచ్చే ట్రిప్పులో తీసుకోను. కట్‌లెట్లు, సమోసాలు వేడిగా ఉంటేనే.

ఐఆర్‌సీటీసీ ఈ-కేటరింగ్ అనే సదుపాయం చాలామంది ఇంకా వాడటం లేదు. ఫుడ్ ఆన్ ట్రాక్ యాప్‌లో గానీ, 1323కి ఫోన్ చేసి గానీ, 87500 01323 నంబరుకు వాట్సాప్‌లో గానీ మీ పీఎన్ఆర్ ఇస్తే దారిలో ఏ స్టేషన్లలో ఏ హోటళ్లు ఉన్నాయో చూపిస్తుంది. ఎంచుకుని, ముందే డబ్బు కట్టొచ్చు లేదా చేతికి అందాక కట్టొచ్చు. మీ బెర్త్ దగ్గరికే తెచ్చిస్తారు. విజయవాడ, విశాఖపట్నంలో 2024 నుంచి స్విగ్గీ ద్వారా కూడా ఈ ఏర్పాటు ఉంది. ఇందులో మూడు మెలకువలు. కనీసం రెండు గంటల ముందు ఆర్డర్ పెట్టండి. రెండు నిమిషాలు ఆగే స్టేషన్ కాకుండా ఎక్కువసేపు ఆగేది ఎంచుకోండి. ఆకలి వేసే వేళకు అరగంట ముందు వచ్చే స్టేషన్ చూసుకోండి, తర్వాత వచ్చేది వద్దు, రైలు లేటైతే తట్టుకోలేం. ఆర్డర్ ఇచ్చేటప్పుడు గ్రేవీ ఎక్కువ ఉన్నవి, కర్రీలు విడి కవర్లలో కట్టేవి వదిలేసి బిర్యానీ, పులావ్, తాలీ లాంటివి తీసుకోండి. తాలీలో జామూన్ ఉంటే దాన్ని మొదటే తినేయండి, దాచుకోవద్దు.

రాజధానిలో వెళ్లేవాళ్లకు లెక్క వేరు. సికింద్రాబాద్ నుంచి నిజాముద్దీన్ వెళ్లే రాజధానిలో భోజనం టికెట్‌లోనే కలిపి ఉంటుంది, బుక్ చేసేటప్పుడే శాకాహారం, మాంసాహారం, జైన్, డయాబెటిక్ అని ఎంచుకోవచ్చు, వద్దనుకుంటే ఆ డబ్బు తగ్గుతుంది. రాత్రి భోజనం చివర్లో ఐస్‌క్రీం కప్పు కూడా ఇస్తారు. చిన్నపిల్లలున్నవాళ్లు, షుగర్ పేషెంట్లు బుకింగ్‌లో ఆ గడి పట్టించుకోకుండా వదిలేయకండి, తర్వాత మార్చమని అటెండర్‌ని బతిమాలాల్సి వస్తుంది.

కొన్ని పనులు అసలు చేయకూడదు. చార్జింగ్ పాయింట్‌కు ఎలక్ట్రిక్ కెటిల్ తగిలించి నూడుల్స్, పాలు కాచడం నేరం, అంతకన్నా ముఖ్యం అది బోగీకే ప్రమాదం. బాత్రూమ్ దగ్గర కుళాయి నీళ్లు తాగడానికి కాదు. గుర్తింపు కార్డు, యూనిఫాం లేనివాళ్లు అమ్మే పాల కోవా, మూత లేని స్వీట్లు కొనకండి. అన్నిటికన్నా ముఖ్యం, పరిచయం లేనివాళ్లు ఎంత ఆప్యాయంగా బిస్కట్టో, ప్రసాదమో, లడ్డూనో ఇచ్చినా తినొద్దు. మత్తుమందు కలిపి దోచుకునే ముఠాల గురించి రైల్వే పోలీసులు ఎప్పటినుంచో హెచ్చరిస్తున్నారు. మన డబ్బాలోంచి మనం ఇస్తే వాళ్లు కూడా వద్దనొచ్చు, దానికి నొచ్చుకోకూడదు.

అయిదో పని: దారిలో ఊళ్ల తీపి

ప్రయాణంలో ఇదే నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. కానీ వెళ్లేటప్పుడు ఏది, వచ్చేటప్పుడు ఏది అన్నది తెలిసి కొనాలి.

నాగ్‌పూర్‌లో సంత్రా బర్ఫీ, అంటే కమలాపండు గుజ్జు వేసిన బర్ఫీ. ప్లాట్‌ఫాం మీద అట్టపెట్టెల్లో సీలు వేసి దొరుకుతుంది, మూడింటికి కొని సాయంత్రం తినేయొచ్చు, పెట్టె మీద తయారీ తేదీ చూడటం మర్చిపోకండి. చలికాలమైతే బర్ఫీకన్నా కమలాపండ్లే కొనుక్కోండి, రాత్రి భోజనం తర్వాత తీపిగా వాటికి మించింది లేదు. గ్వాలియర్, మొరేనా వైపు చలికాలంలో గజక్ దొరుకుతుంది, నువ్వులు, బెల్లం సాగదీసి కొట్టి పలచగా చేస్తారు, మన నువ్వుల పట్టికి చుట్టమే గానీ ఇంకా పెళుసు. ఎన్నాళ్లైనా నిలుస్తుంది. ఆగ్రా పేఠా బూడిద గుమ్మడికాయను సున్నపు నీళ్లలో నానబెట్టి చక్కెర పాకంలో ఉడికించి చేస్తారు. పొడిగా ఉండేది, కుంకుమపువ్వు వేసిన పసుపుది, పాకంలో తేలే అంగూరీ పేఠా అని రకాలున్నాయి. రైలుకు పొడి పేఠా ఒక్కటే సరైనది. వెళ్లేటప్పుడు ఆగ్రా తెల్లవారుజామున వస్తుంది, నిద్ర కళ్లతో పేరున్న కంపెనీని పోలిన నకిలీ పెట్టెలు కొనేస్తారు, అందుకని పేఠా వచ్చేటప్పుడు ఢిల్లీలోనో, ఆగ్రాలో దిగి షాపుకు వెళ్లో కొనుక్కోవడం మేలు.

హౌరా దారిలో ముందు పలాస జీడిపప్పు. బోగీలోకే వచ్చి అమ్ముతారు, బేరం ఆడొచ్చు, కానీ పైన గుండు పప్పు పెట్టి కింద బద్దలు పోసిన ప్యాకెట్లు ఉంటాయి, కింది వైపు తిప్పి చూడండి. ఒడిశాలో ఛెనా పోడ, పనీర్‌లో చక్కెర కలిపి బాగా కాల్చి చేస్తారు, పైన మాడినట్టు ఉండే ఆ చెక్కే రుచి. అది పనీర్ సరుకు, కొన్నరోజే తినాలి, హైదరాబాద్‌దాకా తీసుకురావాలని ఆశపడొద్దు. భువనేశ్వర్, కటక్ మధ్య పహాళ రసగుల్లా కూడా అంతే, అక్కడ తిని రావాల్సిందే. బెంగాల్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు చలికాలంలో కొత్త ఖర్జూర బెల్లంతో చేసిన సందేశ్ కొనాలనుకుంటే మెత్తటిది కాకుండా గట్టిగా ఉండే రకం అడగండి, షాపువాళ్లకు రైలు ప్రయాణం ఎన్ని గంటలో చెబితే వాళ్లే సరైనది ఇస్తారు.

చెన్నై వైపు నుంచి వచ్చేవాళ్లు నెల్లూరు మలై కాజా కొంటారు, అది పాల సరుకు, మర్నాటికల్లా ఇంట్లో ఫ్రిజ్‌లో ఉండాలి. ముంబై దారిలో లోనావాలా చిక్కీకి ఆ భయం లేదు.

ఢిల్లీ దారిలోనే మధుర పేడా సంగతి ఒక్కటి మిగిలింది. అది ఖోవానే అయినా, ఖోవాను గోధుమ రంగు వచ్చేదాకా బాగా వేయించి, పైన చక్కెర పొడి అద్ది చేస్తారు కాబట్టి మామూలు పాలకోవాకన్నా నిలుస్తుంది. తిరుగు ప్రయాణంలో కొంటే ముదురు రంగులో పొడిపొడిగా ఉన్నది ఎంచుకోండి, తెల్లగా మెత్తగా ఉన్నది వద్దు. ప్లాస్టిక్ కవర్లో కట్టిస్తే లోపల చెమట పడుతుంది, అట్టపెట్టెలోనే ఉంచి, పెట్టెను గుడ్డ సంచిలో వేసి కింద నీడన పెట్టండి. ఇంటికి రాగానే పెట్టె తెరిచి గాలి తగలనిచ్చి, రెండు మూడు రోజుల్లో పంచేయండి.